ఊరి వెబ్‌సైటు డిజైనుపై పనికొచ్చే అభిప్రాయం రాబట్టడం: తయారీ నుంచి సవరణ దాకా

ఊరికో, మండలానికో, పట్టణానికో వెబ్‌సైటు చేసినవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. లింకు వాట్సాప్ గ్రూపులో పెట్టాము, బొటనవేలు గుర్తులు బోలెడన్ని వచ్చాయి, "సూపరన్నా" అన్నారు, కానీ ఏం మార్చాలో ఒక్కరూ చెప్పలేదు. అసలైన అభిప్రాయం ఎలా తెలుసుకోవాలి?

తెలిసినవాడు కష్టపడి చేసిన పనిని ముఖం మీద తప్పుపట్టడం మన దగ్గర మర్యాద కాదు. "ఎట్లుంది?" అని అడిగితే "మంచిగుంది" అనే జవాబే వస్తుంది, అది అబద్ధమని కూడా అనలేము. అందుకే అభిప్రాయం అడగడం తగ్గించి, ఒక పని అప్పగించి, ఆ పని చేస్తుండగా పక్కన కూర్చుని చూడాలి. కింద చెప్పిన మెట్లన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయి.

ఉదాహరణకు నల్గొండ జిల్లా దేవరకొండకు, దాని చుట్టూ ఉన్న గ్రామాలకు, తండాలకు కలిపి ఒక సైటు ఉందనుకుందాం. అందులో బస్సుల సమయాలు, మార్కెట్ ధరలు, వడ్ల కొనుగోలు కేంద్రాల వివరాలు, కరెంటు కోతల కబురు, రక్తదాతల జాబితా, స్థానిక ప్రకటనలు ఉంటాయి.

1. ఏం తెలుసుకోవాలో ముందు కాగితం మీద పెట్టండి

మూడు ప్రశ్నలకు మించకుండా రాసుకోండి. "డిజైను బాగుందా" అనేది వాటిలో ఉండకూడదు, ఎందుకంటే దానికి ఏ జవాబు వచ్చినా మీరు చేయగలిగిన పని ఏమీ ఉండదు.

పనికొచ్చే ప్రశ్నలు ఇలా ఉంటాయి: మొదటిసారి వచ్చినవారు బస్సుల పేజీకి ఎవరి సాయం లేకుండా చేరగలుగుతున్నారా? ధరల పట్టికలో ఉన్నది ఏ రోజు ధరో చూడగానే తెలుస్తోందా? ప్రకటన ఇచ్చే ఫారాన్ని జనం ఎక్కడ వదిలేసి వెళ్లిపోతున్నారు?

ఆ కాగితం వెనకవైపు, మీరు మార్చలేని విషయాలను రాయండి. చందా ఇచ్చినవారి పేరు పైన ఉండాలన్న ఒప్పందం ఉండవచ్చు, సైటు నడిచే ఉచిత టెంప్లేటు కొన్ని మార్పులను ఒప్పుకోకపోవచ్చు. వాటి మీద జనాన్ని అడిగి, వారు చెప్పింది పక్కన పెట్టేస్తే రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

ఏ దశలో అడగాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. నా మట్టుకు, సైటు పూర్తయ్యాక కాదు, కాగితం మీద బొమ్మలుగా ఉన్నప్పుడే మొదటి విడత అడగడం మేలు. ఫోను తెర సైజులో గీసిన కాగితాలను చేతికిచ్చి, వారు వేలు పెట్టిన చోటును బట్టి తరువాతి కాగితం మీరు ముందు పెడితే సరిపోతుంది. పెన్సిలు గీతలను కొట్టేయమని చెప్పడానికి ఎవరూ మొహమాటపడరు; పైగా పూర్తయిన దాన్ని మార్చడానికి చేసినవారికే మనసొప్పదు.

2. చూపించే ముందు మీరే సరిచేయవలసినవి

మీకు ముందే తెలిసిన లోపాలను జనం చేత చెప్పించుకోవడం వారి సమయాన్ని వృథా చేయడమే. ఎదుటివారు మొదటి పది నిమిషాలు తెరుచుకోని లింకుల మీద ఖర్చు చేస్తే, అసలు ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఈ పట్టికను ముందు రోజే పూర్తి చేయండి.

□ డీటీపీ సెంటరు నుంచి అను ఫాంట్లలో వచ్చిన పాఠాన్ని యూనికోడ్‌లోకి (అన్ని ఫోన్లూ చదవగలిగే అక్షర పద్ధతిలోకి) మార్చారా? మార్చకుండా అతికిస్తే ఫోనులో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి.

□ పాఠం 16 పిక్సెళ్ల కంటే చిన్నగా ఎక్కడా లేదా? తెలుగుకు 17 లేదా 18 ఇంకా మేలు.

□ వరుసల మధ్య ఎత్తు అక్షరం సైజుకు 1.6 నుంచి 1.8 రెట్లు ఉందా? ఇంగ్లిషుకు సరిపోయిన ఎత్తులో తెలుగు పెడితే పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి.

□ అక్షరాల మధ్య ఎడం పెంచే అమరికను తెలుగు పాఠం నుంచి తీసేశారా?

□ పాఠం రంగుకు, వెనక రంగుకు మధ్య వ్యత్యాసం కనీసం 4.5:1 ఉందా? పెద్ద శీర్షికలకు 3:1 చాలు. ఈ లెక్క చెప్పే ఉచిత సాధనాలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి.

□ వేలితో నొక్కే చోట్లు 44 పిక్సెళ్ల పొడవు, వెడల్పు దాకా ఉన్నాయా? వెబ్ సౌలభ్య ప్రమాణాల్లో 2023లో వచ్చిన 2.2 సంచిక 24 పిక్సెళ్లను కనీసంగా చెబుతుంది; పొలం పని చేసే చేతికి ఆ కనీసం చాలదు.

□ ఫోను సెట్టింగుల్లో అక్షరాల సైజును అన్నిటికంటే పెద్దది చేసినప్పుడు మెనూ విరిగిపోకుండా ఉందా? పెద్దవారి ఫోన్లు చాలావరకు ఆ అమరికలోనే ఉంటాయి.

□ క్రోమ్ బ్రౌజరులోని డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగం తగ్గించి చూశారా? పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలత. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ ఈ లెక్కను ఉచితంగా చెబుతుంది.

□ కరపత్రాల ఫోటోల్లో ఉన్న సమాచారాన్ని పాఠంగా కూడా టైపు చేశారా? ఫోటోలోని అక్షరాలు వెతికితే దొరకవు, తెర మీది మాటలను పైకి చదివే, చూపు లేనివారు వాడే టాక్‌బ్యాక్ వాటిని సరిగా చదవలేదు.

□ "త్వరలో" అని మాత్రమే ఉన్న ఖాళీ పేజీలను దాచేశారా?

ఫాంటు సంగతి ఒక్క మాట. రామభద్ర వంటి లావు ఫాంటు శీర్షికల్లో అందంగా ఉంటుంది, పేరాల్లో పెడితే కళ్లు నొప్పి పెడతాయి. పేరాలకు నోటో సాన్స్ తెలుగు తీసుకోవచ్చు, లేదా మన పాలమూరు వైపు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టి వార్తా పత్రికల కోసం చేసిన సురవరం ఫాంటును ప్రయత్నించవచ్చు. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

3. ఎవరిని అడగాలి

స్నేహితులను, కుటుంబ సభ్యులను, సైటు చేసిన బృందంలోని వారిని పక్కన పెట్టండి. వారికి ఏది ఎక్కడుందో ముందే తెలుసు, పైగా మీ మీద అభిమానం ఉంటుంది.

ఎంతమంది కావాలన్న ప్రశ్నకు, వాడుకదారుల పరీక్షల మీద రాసిన జేకబ్ నీల్సన్ 2000లో ఇచ్చిన జవాబు ఇప్పటికీ పనికొస్తుంది: ఒక విడతకు ఐదుగురు చాలు, ఆ తరువాత అవే తప్పులు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. అయితే ఆ ఐదుగురూ ఒకే రకం వాడుకదారులైనప్పుడే ఆ లెక్క సరిపోతుంది. బత్తాయి రైతు పడే ఇబ్బంది డిగ్రీ చదివే అమ్మాయి పడదు. కాబట్టి మీ సైటును ఎక్కువగా వాడేవారిని రెండు మూడు గుంపులుగా విడదీసి, గుంపుకు ముగ్గురు నుంచి ఐదుగురిని చూడండి.

దక్షిణ తెలంగాణలో ఊరి సైటుకు సాధారణంగా వచ్చే గుంపులు ఇవి: ధరలు, కొనుగోలు కేంద్రాలు చూసే రైతులు, బస్సులు, నోటిఫికేషన్లు చూసే విద్యార్థులు, ప్రకటనలు ఇచ్చే దుకాణదారులు, పింఛన్ల కబురు కోసం చూసే పెద్దవారు, ముంబయి, పుణె వంటి చోట్ల పనికి పోయి ఊరి సంగతులు ఫోనులో తెలుసుకునే కుటుంబాలు. చివరి గుంపును దాదాపు అందరూ మరచిపోతారు. నిజానికి ఊరిలో ఉన్నవారికి కబురు చెప్పే మనుషులు నలుగురు దొరుకుతారు, దూరాన ఉన్నవారికే సైటు అవసరం ఎక్కువ.

వారు దొరికే చోట్లు కూడా తెలిసినవే. బస్టాండులో బస్సు కోసం చూసేవారికి పావుగంట ఖాళీ ఉంటుంది. మీసేవ కేంద్రం బయట వరుసలో ఉన్నవారు మాట్లాడటానికి ఇష్టపడతారు. గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే వారిని విరామ సమయంలోనే కదిలించాలి. మార్కెట్ యార్డులో వేలం నడిచే వేళ ఎవరినీ పలకరించకండి. కాంటా అయిపోయి చెల్లింపు కోసం కూర్చున్నప్పుడు వెళ్లండి. వరికోతల రోజుల్లో రైతులతో విడత పెట్టుకోవడమే పొరపాటు.

మహిళల అభిప్రాయం మహిళలే సేకరించాలి. దీనికి కారణం మర్యాద ఒక్కటే కాదు. రక్తదాతల పేజీని చూపి ఒక యువకుడు అడిగితే "మంచిగనే ఉంది తమ్మీ" అని ఊరుకునే అక్క, తన ఈడు మనిషి పక్కన కూర్చుంటే "ఇట్ల ఫోన్ నంబరు అందరికీ కనవడితే మా ఇంట్ల ఒప్పుకోరు" అని అసలు సంగతి చెబుతుంది. నంబరు దాచి, అడిగినవారి వివరాలు దాతకు చేరేలా పేజీని మార్చాలన్న ఆలోచన అలాంటి మాట నుంచే వస్తుంది. మహిళా సంఘం సమావేశానికి ముందే అధ్యక్షురాలితో మాట్లాడి, సమావేశం ముగిశాక అరగంట అడగండి.

తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడి, తెలుగును బడిలో నేర్చుకున్నవారు ఉంటారు. అక్కడ ఆ భాష వచ్చిన మనిషి తోడుంటే, పుస్తకాల తెలుగులో రాసిన మీ శీర్షికలు ఎంతమందికి అర్థం కావడం లేదో తేలిపోతుంది.

4. అప్పగించే పనులను రాయడం

మంచి పని నిజ జీవితంలోని అవసరంలా ఉండాలి, తెర మీద ఉన్న మాటలను బయటపెట్టకూడదు. "మెనూలో రవాణా నొక్కి బస్సుల పేజీ చూడండి" అని రాస్తే జవాబు మీరే చెప్పినట్టు. దాని బదులు ఇలా రాయండి:

• రేపు పొద్దున తొమ్మిది గంటలకల్లా మీరు పట్నంలో దవాఖానకు చేరాలి. ఏ బస్సుకు పోతారో ఈ సైటులో చూసి చెప్పండి.

• మీ దగ్గర యాసంగి వడ్లు సిద్ధంగా ఉన్నాయి. మీ ఊరికి దగ్గరలో కొనుగోలు కేంద్రం ఎక్కడ పెట్టారో చూడండి.

• మీ బంధువుకు ఓ నెగెటివ్ రక్తం కావాలి. ఏం చేస్తారు?

• మీ దుకాణం పైగది కిరాయికి ఇవ్వాలి. సైటులో ప్రకటన పెట్టండి.

• నిన్న సాయంత్రం కరెంటు ఎందుకు పోయిందో, మళ్లీ ఎప్పుడు పోతుందో తెలుసుకోండి.

ఒక మనిషికి నాలుగైదు పనులు చాలు, మొత్తం అరగంట దాటకూడదు. సులువైన పనిని మొదట పెట్టండి; తొలి పనిలోనే చిక్కుపడ్డవారు "నాకు రాదులే" అని ఫోను పక్కన పెట్టేస్తారు. ఒక్కో పనిని ఒక్కో చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయండి, చదవడం ఇబ్బందైన వారికి మీరే చదివి వినిపించండి. అసలు విడతకు ముందు ఒకరి మీద ప్రయత్నించి, చీటీలోని మాటలు అర్థమవుతున్నాయో లేదో చూసుకోండి.

5. మెనూ పేర్ల కోసం చీటీల పద్ధతి

ఊరి సైట్లలో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రంగులవీ, బొమ్మలవీ కాదు, పేర్లవి. ప్రభుత్వ కాగితాల భాష మెనూలోకి వచ్చి కూర్చుంటుంది: రవాణా సౌకర్యాలు, సంక్షేమ కార్యక్రమాలు, విజ్ఞాపనలు. జనం వెతికేది బస్సుల టైము, పింఛన్లు, కిరాయి ఇండ్లు.

దీన్ని సరిచేయడానికి ఖర్చు లేని మార్గం ఉంది. సైటులో ఉన్న విషయాలను ఇరవై, ఇరవై ఐదు చీటీల మీద ఒక్కోటి రాయండి. పాత పెండ్లి పత్రికల ఖాళీ వైపు ఇందుకు చక్కగా పనికొస్తుంది. వాటిని బల్ల మీద పరచి, ఒకదానితో ఒకటి కలిసేవాటిని కుప్పలుగా పెట్టమనండి. తరువాత ఒక్కో కుప్పకు పేరు పెట్టమని అడిగి, వారు పలికిన మాటను పలికినట్టే రాసుకోండి. నలుగురైదుగురి దగ్గర ఒకే పేరు వినబడితే మీ మెనూ పేరు అదే.

వెతికే పెట్టె విషయంలోనూ ఇలాగే చూడాలి. ఒకరు నల్గొండ అని, ఇంకొకరు నల్లగొండ అని టైపు చేస్తారు. మహబూబ్‌నగర్ పేజీని పాలమూరు అని వెతుకుతారు, నాగార్జునసాగర్‌ను ఒట్టి సాగర్ అంటారు. చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, కొందరు మైకు గుర్తు నొక్కి మాట్లాడతారు. మీ పెట్టె వీటిలో ఎన్నింటికి జవాబిస్తోందో లెక్క రాసుకోండి; జవాబు రాని ప్రతి మాటా సవరణ జాబితాలోకి వెళ్లాలి.

6. పక్కన కూర్చుని చూడడం

అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేదీ, ఎక్కువమంది చెడగొట్టేదీ ఈ మెట్టే. ఇద్దరు వెళ్లండి: ఒకరు మాట్లాడాలి, ఒకరు రాయాలి. వీలైతే మాట్లాడేవారు సైటు చేసినవారు కాకూడదు. వేరే దారి లేక చేసినవారే వెళితే, అది తమదని చెప్పనక్కర లేదు.

మొదటి మాటలు ఇలా ఉండవచ్చు: "పెద్దనాన్నా, ఈ సైటు జనానికి అర్థమవుతుందా లేదా అని చూస్తున్నం. పరీక్ష సైటుకే, మీకు కాదు. మీరు తికమక పడితే తప్పు సైటుదే. చేస్తున్నప్పుడు మనసులో ఏమనుకుంటున్నరో పైకి చెప్పుండ్రి." ఈ నాలుగు మాటలు వదిలేస్తే, చదువుకున్న పిల్లలు తన తెలివిని కొలుస్తున్నారని పెద్దమనిషి అనుకుంటాడు.

వారి సొంత ఫోనులోనే సైటు తెరిపించండి. పగిలిన తెర, నిండిపోయిన మెమరీ, తక్కువ వెలుతురు, బలహీనమైన సిగ్నలు అన్నీ పరీక్షలో భాగమే. తెరను రికార్డు చేయాలనుకుంటే ముందుగా అడగండి, నోటిఫికేషన్లు రాకుండా ఆపమనండి. లేకపోతే బ్యాంకు ఓటీపీ కూడా రికార్డులో పడుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగా లెక్కిస్తుంది కనుక, ఇంటర్ విద్యార్థులను రికార్డు చేయాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు తీసుకోండి.

క్రమం ఇది:

(అ) హోమ్ పేజీ తెరిచి ఐదు సెకన్లు చూపించి ఫోను బోర్లించమనండి. ఏం గుర్తుంది, ఇది దేనికి సంబంధించిన సైటు అని అడగండి. చందా ఇచ్చినవారి ఫోటో ఒక్కటే గుర్తుందంటే పేజీ పైభాగం ఎవరి కోసం నడుస్తోందో తెలిసిపోతుంది.

(ఆ) మొదటి చీటీ ఇవ్వండి. ఆ తరువాత నోరు మూసుకోండి.

(ఇ) "ఇక్కడ ఒత్తాల్నా?" అని అడిగితే "మీకేమనిపిస్తుంది?" అని తిరిగి అడగండి. వేలు చూపించడం, తల ఊపడం కూడా సాయం కిందికే వస్తాయి.

(ఈ) ఎక్కువసేపు ఆగిపోతే "ఇప్పుడు ఏం వెతుకుతున్నరు?" అని ఒక్కసారి అడగండి. చిరాకు మొదలైతే ఆ పని ఆపి తరువాతి చీటీకి వెళ్లండి. అది ఆ పేజీ ఓటమిగా నమోదవుతుంది.

(ఉ) అన్నీ అయ్యాక, "అన్నిటికంటే కష్టంగా అనిపించింది ఏది?" అని అడగండి. "నచ్చిందా" అని మాత్రం అడగకండి.

యార్డు షెడ్డు కింద బత్తాయి రైతు ఒకాయన ధర చూడమన్న చీటీ అందుకున్నారనుకోండి. హోమ్ పేజీలో బత్తాయి బొమ్మ ఉంది. ఆయన దాని మీద నొక్కుతారు; అది అలంకారమే, లింకు లేదు. మళ్లీ నొక్కుతారు, ఈసారి కొంచెం గట్టిగా, బొటనవేలు మార్చి. ఏమీ కదలదు. కిందికి జరుపుతూ పోతే ధరల పట్టిక వస్తుంది, అందులో పంట పేరు, మార్కెట్ పేరు కనిపిస్తాయి కానీ ధర గడి తెర అంచు అవతల ఉంది. "రేటు కనవడ్తలేదు సారూ" అంటారు. పట్టికను పక్కకు జరపవచ్చని తెలిపే గుర్తు అక్కడ ఏదీ లేదు. చివరికి వేలు తగిలి పట్టిక జరిగినప్పుడు అంకె కనిపిస్తుంది, వెంటనే రెండు ప్రశ్నలు వస్తాయి: "ఇది నిన్నటిదా, ఇయ్యాల్టిదా? టన్నుకా, క్వింటాలుకా?"

రాసేవారు ఇక్కడ "ధరల పేజీ బాగోలేదు" అని రాస్తే ఆ పూట వృథా. రాయవలసింది ఇది: బొమ్మను రెండుసార్లు నొక్కారు, పట్టిక పక్కకు జరుగుతుందని తెలియలేదు, తేదీ, తూకం అడిగారు. చేసింది, అన్నది, ఆగిన చోటు అని మూడు గడులు గీసుకుని వెళితే చేయి తడబడదు. మీ ఊహలను ఆ కాగితంలో కలపకండి.

మధ్యాహ్నం ఎండలో కనీసం ఒక్కరినైనా చూడండి. గదిలో ముచ్చటగా కనిపించిన లేత బూడిద రంగు అక్షరాలు బస్టాండు ఆవరణలో మాయమవుతాయి.

7. దూరాన ఉన్నవారి నుంచి

గ్రూపులో పెట్టిన ప్రశ్నకు జవాబు రాదు, ఒక్కొక్కరికి విడిగా పంపిన ప్రశ్నకు వస్తుంది. పుణెలో పని చేసే తమ్ముడికో, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే చెల్లెకో ఒక పని మాత్రమే పంపి, చేసిన తీరును వాయిస్ మెసేజీగా చెప్పమనండి. రాయమంటే రెండు మాటలు రాసి ఊరుకునేవారు మాట్లాడమంటే రెండు నిమిషాలు మాట్లాడతారు. వీలుంటే వాట్సాప్ వీడియో కాల్‌లో తెరను పంచుకోమనవచ్చు; అప్పుడు ఆరో మెట్టులోని పద్ధతి అంతా అలాగే నడుస్తుంది.

గూగుల్ ఫారం పెట్టాలనుకుంటే ఐదు ప్రశ్నలు దాటనివ్వకండి, ఫోను నంబరు తప్పనిసరి చేయకండి. నక్షత్రాలు వేయమనే ప్రశ్నలు తీసేయండి. నాలుగు నక్షత్రాలు వచ్చాయని తెలిస్తే మీరు ఏం మారుస్తారు? "చివరిసారి ఈ సైటులో దేని కోసం వెతికారు, దొరికిందా, దొరకకపోతే ఆ సంగతి ఇంకెక్కడ తెలుసుకున్నారు?" అన్న ఒక్క ప్రశ్న పది నక్షత్రాల ప్రశ్నలకు మించి చెబుతుంది.

8. డిజైను తెలిసినవారిని అడగడం

ఇది రెండో విడతలో చేయండి. వారికి లింకు ఒక్కటే పంపితే తమ అభిరుచి చెబుతారు. లింకుతో పాటు ఎవరి కోసం, ఏ ఫోన్ల కోసం, ఏ పని దగ్గర జనం ఆగిపోయారు, ఏది మార్చలేము అన్న నాలుగు సంగతులు రాసి పంపండి. అప్పుడు వారి నైపుణ్యం సమస్య వైపు తిరుగుతుంది.

9. వచ్చిన మాటలను జల్లెడ పట్టడం

అన్ని కాగితాలనూ ఒకే పట్టికలోకి ఎక్కించండి. ప్రతి మాటనూ మూడింటిలో ఒకటిగా గుర్తించండి: మీరు కళ్లారా చూసినది, వారు చెప్పిన ఇబ్బంది, వారు సూచించిన పరిష్కారం.

మొదటి రకానికి ఎక్కువ విలువ ఇవ్వండి, మూడో రకాన్ని విప్పి చూడండి. "మెనూను ఎర్రగా చేయుండ్రి" అని ఎవరైనా అంటే ఎరుపు వారి అవసరం కాదు, మెనూ కనబడలేదన్నది అవసరం. "యాప్ చేయించండి" అన్న మాట వెనుక, లింకు మళ్లీ దొరకడం లేదన్న ఇబ్బంది ఉండవచ్చు; ఫోను తెర మీద సైటు గుర్తును ఎలా పెట్టుకోవాలో చూపితే అది తీరిపోతుంది.

తరువాత ప్రాధాన్యం వేయండి:

• పని ఆగిపోయింది: వెంటనే సరిచేయాలి. ఒక్కరి దగ్గర కనిపించినా సరే.

• పని అయింది కానీ తిరిగి తిరిగి అయింది: ఇద్దరు ముగ్గురి దగ్గర కనిపిస్తే ఈ విడతలోనే సరిచేయాలి.

• చూడడానికి బాగోలేదు: జాబితాలో ఉంచి, తీరికప్పుడు చూడాలి.

అభిప్రాయం చెప్పిన మనిషి హోదా ఈ పట్టికలో గడి కాకూడదు. చందా ఇచ్చిన పెద్దమనిషి తన ఫోటో పెద్దగా కావాలంటే అది మూడో వరుసలోకే వెళ్తుంది; బస్సు పేజీ దొరకని అవ్వ మాట మొదటి వరుసలోకి వస్తుంది. ఈ సంగతి పెద్దమనిషికి ఎలా చెప్పాలన్నది డిజైను సమస్య కాదు, మీ చాకచక్యం మీద ఆధారపడి ఉంటుంది. పట్టికను చూపించి మాట్లాడటం కొంత సాయపడుతుంది.

రెండు గుంపులు ఎదురెదురుగా చెబితే ఒకరిని ఓడించనక్కర లేదు. విద్యార్థులు ఇంగ్లిషు పేర్లు, పెద్దవారు తెలుగు పేర్లు కోరితే, తెలుగును పెద్దగా, ఇంగ్లిషును దాని కింద చిన్నగా పెట్టవచ్చు. అయితే ప్రతి గొడవనూ ఇలా రాజీ చేసుకుంటూ పోతే హోమ్ పేజీ సంత అవుతుంది. రెండూ పెట్టలేని చోట, ఆ పనిని ఎక్కువగా చేసే గుంపు మాట వినండి.

10. తరచుగా జరిగే పొరపాట్లు, వాటికి సవరణ

పక్కనున్నవారు జవాబు అందించడం. బస్టాండులో ఒకరిని అడిగితే నలుగురు మూగుతారు, ఫోను చేతులు మారుతుంది. మూగినవారికి తరువాతి చీటీలు ఇచ్చి, ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టండి.

సైటును సమర్థించుకోవడం. "అది కింద ఉంది కదా" అని నోరు జారిన క్షణం నుంచి ఎదుటివారు మిమ్మల్ని సంతోషపెట్టడానికే ప్రయత్నిస్తారు. ఆ పనిని లెక్కలోంచి తీసేసి ముందుకు వెళ్లండి.

కుర్రవాళ్ల దగ్గరే ఆగిపోవడం. వారు త్వరగా దొరుకుతారు, త్వరగా చేస్తారు, తప్పులు తక్కువ కనిపిస్తాయి. ముందుగానే గుంపుల వారీగా పేర్లు రాసుకుంటే ఈ మొగ్గు తగ్గుతుంది.

కంప్యూటరు తెర మీద చూపించడం. చూసేవారంతా ఫోనులో చూస్తుంటే ల్యాప్‌టాప్ మీద వచ్చిన అభిప్రాయం వేరే సైటుకు సంబంధించినట్టే.

డబ్బు ఇవ్వడమా, మానడమా అన్న తర్జనభర్జన. చాయ్ తాగించండి, సమయం ఎక్కువ తీసుకుంటే బస్సు చార్జీ ఇవ్వండి. అది పొగడ్తలకు ప్రతిఫలం కాదని ముందే చెప్పండి.

అన్నీ ఒకేసారి మార్చడం. ఏ మార్పు వల్ల ఏది మెరుగైందో తెలియదు, అలవాటుపడ్డవారు మళ్లీ మొదటికి వస్తారు. పని ఆపిన తప్పులను ముందు, మిగతావాటిని తరువాత సరిచేయండి.

11. సవరించాక మళ్లీ చూపించడం

అవే చీటీలతో, కొత్త మనుషులతో రెండో విడత పెట్టండి. పాతవారికి దారి తెలిసిపోయింది కనుక వారి విజయం లెక్కలోకి రాదు. అయినా మొదటి విడతలో ఎక్కువ ఇబ్బంది పడ్డ ఒకరిద్దరికి మారిన పేజీని చూపించండి. బత్తాయి ఉదాహరణలో మార్పు ఇలా ఉండవచ్చు: బొమ్మకు లింకు తగిలించడం, ధర గడిని పంట పేరు పక్కకు తేవడం, "ఈ రోజు, టన్నుకు" అని అంకె కిందే రాయడం. కొత్త రైతు ఏ ప్రశ్నా అడగకుండా ధర చదివితే ఆ వరుసను పట్టికలో కొట్టేయవచ్చు.

అభిప్రాయం చెప్పినవారికి ఒక్కొక్కరికి కబురు పంపండి. "మీరు చెప్పిన రక్తదాతల నంబర్లు ఇప్పుడు బయటికి కనబడవు అక్కా" అన్న ఒక వాక్యం చాలు. చేయలేనివాటికి కారణం కూడా చెప్పండి.

తరువాతి విడత ఎప్పుడన్నది రద్దీని బట్టి పెట్టుకోవాలి:

□ యాసంగి వడ్ల కొనుగోలు మొదలయ్యే ముందు కొనుగోలు కేంద్రాల పేజీ

□ చెర్వుగట్టు, కురుమూర్తి వంటి జాతరలకు మూడు వారాల ముందు బస్సుల పేజీ

□ కాలేజీ ప్రవేశాలకు ముందు నోటిఫికేషన్ల పేజీ

□ కొత్త విభాగం ఏది చేర్చినా, దాన్ని హోమ్ పేజీలో పెట్టే ముందు చీటీల పద్ధతి